చార్మినారు రాజవీథి

హైదరాబాదు చూడవచ్చినవారు చార్మినారును చూచి పోవుదురు గాని, చార్మినారునకు పోవు వీథిని చూడరు. మూసీ మీది నయాపూలు దాటి, మదీనా కూడలియొద్ద దక్షిణముగా మరలి నిలిచినచో, ఎదుట ఇరువైపుల రాతి కమానుల అంగళ్ల వరుసలు, వాని చివర ఎత్తైన ఒక తోరణము, ఆ తోరణములోనుండి కానవచ్చు మరియొక తోరణము, దానికవతల మినారులు కనబడును. మైలు దూరము కూడ లేని ఈ బాటను పాదచారి పావుగంటలో దాటగలడు. దారిలో ముత్యముల వర్తకుడో అత్తరుల వర్తకుడో పిలువకుండినచో అను నియమము మాత్రము ఒకటి కలదు.

ఈ వీథికి నాలుగు వందల ఏండ్లకు మించిన వయస్సు. ఇందులో నడచిన రాజుల కథ గ్రంథస్థమైనది. దానికి లోటు లేదు. ఇందులో బ్రతికిన వారి కథ అట్లు గ్రంథస్థము కాలేదు. అది కొంత రాతిలోను, కొంత పేర్లలోను, కొంత ఊరేగింపుల దారిలోను, మిగిలినది ముసలివారి నోటను ఉన్నది. ఆ మిగిలిన భాగమే అన్నిటికంటె తొందరగా పోవునది. కనుకనే నేడు దానిని గూర్చి ప్రస్తావింపవలసి వచ్చినది.

కులీ కుతుబ్ షా 1591లో చార్మినారును కట్టించి దాని చుట్టు నగరమును వేయించెను. నగర నిర్మాణమునకు పథకము కూర్చినవాడు పేష్వా మీర్ మొమిన్ అస్త్రాబాదీ. చార్మినారునకు ఉత్తరముగా సుమారు 250 అడుగుల దూరమున ఒక విశాలమైన చౌకము ఏర్పడెను. దాని నాలుగు దిక్కుల నాలుగు తోరణములు లేచినవి. ఒక్కొక్కటి సుమారు 60 అడుగుల ఎత్తు. నడుమ నీటి తొట్టి, అందు చిమ్మనగ్రోవి. అదియే నేటి గుల్జార్ హౌజు. ఒకప్పుడు చాల పెద్దదిగా నుండిన ఆ తొట్టి, బండ్ల రాకపోకలు హెచ్చిన కొలది కుదించుకొనిపోయి, నేడు నలువైపుల మోటారుల రొదనడుమ ఒక చిన్న ద్వీపమువలె మిగిలినది.

ఈ నాలుగు తోరణములను మనము కోటగుమ్మములుగా భావించుట కద్దు. కాని ఇవి ఆనాటి ప్రజల కళ. వీనిని చూచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కూరగాయల గంపతో పోవునదియు, గుఱ్ఱముపై పోవువాడును ఒకే కమాను క్రిందుగా పోవుదురు. పడమటి తోరణము రాజమందిరములకు దారి. దానికి జరీ తెర వ్రేలాడుచుండెడిదని చెప్పుదురు. తూర్పు తోరణముపై రాజు నగారా మ్రోగెడిది. 1687లో గోలకొండ పతనమైనది. ఆ రాజమందిరములు కాలక్రమమున రూపుమాసిపోయినవి. జరీ తెర ఏమయ్యెనో యెవరికిని తెలియదు. తోరణములు మాత్రము నిలిచినవి. రాజు తనకొఱకు కట్టుకొన్నది పోయినది. బజారునకు ఇచ్చినది మిగిలినది. బజారు దానిని వదలుకొనలేదు గనుక.

పేర్ల సంగతి ఇంకను చిత్రము. దక్షిణ తోరణము చార్మినారు కమాను. ఉత్తరమునది మచ్లీ కమాను, అనగా చేప తోరణము. శుభము కొఱకు దానికి చేప బొమ్మను వ్రేలాడదీయు ఆచారమునుండి ఆ పేరు వచ్చెనందురు. తూర్పునది కాలీ కమాను. ఇక పడమటిది నేడు అందరి నోటను షేరె బాతిల్ కమాను. షేర్ అనగా సింహము గదా, ఇచ్చట సింహమేదియని వెదకినచో కానరాదు. మొదటి మాట సెహ్ర్. అనగా మాయ, ఇంద్రజాలము. సెహ్రె బాతిల్ అనగా మాయను వమ్ముచేయునది. చెడుమంత్రము రాజమందిరమున ప్రవేశింపకుండ ద్వారమునకు పవిత్రవాక్యముల రక్ష కట్టిరట. ఆ నమ్మకము మరుగున పడగానే నాలుకకు అర్థము లేని మాట బరువైనది. అర్థమున్న సింహము వచ్చి ఆ చోట కూర్చుండెను. ఊరి జ్ఞాపకము చెరిగిపోవుట తరచుగా ఇట్లే జరుగును. ఎవరును పగబట్టి చెరుపరు. ఒక అక్షరము జారును, అంతే.

ఈ వీథి చరిత్రలో అతి దారుణమైన దినము 1908 సెప్టెంబరు 28. ఆనాడు మూసీ పొంగినది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడును దెబ్బతినగా, 1578లో కట్టిన పురానాపూలు మాత్రము నిలిచెను. సుమారు 15 వేల మంది మరణించిరని సాధారణముగా చెప్పెడి లెక్క. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ నది యొడ్డునకు వచ్చి, హిందువుల ఆచారము ననుసరించి మూసీకి పూజ చేసెనని ప్రతీతి. ఆ మాటను పాతబస్తీలో ఉభయ మతములవారును నేటికిని చెప్పుకొందురు. ఉర్దూ రుబాయీలకు పేరొందిన కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకొని తానొక్కడు బయటపడెను. ఆ దుఃఖము ఆయన కవిత్వమున నిలిచినది. తక్కిన వేలమంది దుఃఖము ఎక్కడ నిలిచినది?

ఒక చెట్టున నిలిచినది. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్న చింతచెట్టు నెక్కి ఆనాడు సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. నగరచరిత్రపై మక్కువగలవారు కొందరు, ఆ తేదీన ఆ చెట్టు క్రింద కూడి మృతులను స్మరించు అలవాటు చేసికొనిరి. శిల్పి లేడు, ఉలి లేదు, ఆవిష్కరణ సభ లేదు. అయినను హైదరాబాదులో దీనిని మించిన స్మారకచిహ్నము లేదని మా అభిప్రాయము.

వరద మరియొక చోట కూడ తన గుర్తు విడిచినది. పత్తర్‌గట్టీకి చేరువనే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉన్నది. 1594లో దీని నిర్మాణము ఆరంభమైనది. 1611 ప్రాంతమున దీని గోడలకు పసుపు, నీలము, ఆకుపచ్చ వన్నెల మెరుగు పలకలను తాపిరి. దక్కనులో ఇట్టి పలకల పని కడు అరుదు. 1908 వరదనీరు లోపలికి రాగా క్రిందిభాగమున పలకలు చెడిపోయినవి. తరువాతివారు ఆ ఖాళీలలో పలకల పనిని పోలిన రంగుల చిత్రణము చేసిరి. శ్రద్ధగా చూచువారికి ఎక్కడ పలక ముగిసి ఎక్కడ రంగు మొదలైనదో తెలిసిపోవును. కళాభిజ్ఞులు దీనిని లోపమందురు గాని మాకు మాత్రము అందులో తప్పు తోపదు. అది వరద సంతకము. పలకలన్నియు క్రొత్తవి తెచ్చి అతికినచో ఆ సంతకము పోవును.

మనము నేడు చూచు వీథి ముఖము వరద తరువాతిది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరదల నివారణకు పథకము సిద్ధపరచెను. దాని ఫలముగా 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము ఏర్పడినవి. 1912లో ఏడవ నిజాము నెలకొల్పిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఊరిలోని ఇరుకు తీసివేయుటకు పూనుకొనెను. మదీనా మొదలు మచ్లీ కమాను వరకు రాజవీథిని వెడల్పు చేసి, ఇరువైపుల నల్లరాతి కమానులతో రెండంతస్తుల అంగళ్ల వరుసలను కట్టించిరి. రాతికట్టడము గనుక పత్తర్‌గట్టీ అను పేరు దానికి అన్వర్థము. ఎండవేళ కొనుగోలుదారుడు నీడపట్టున నడచుటకు క్రింద వసారా, పైన వర్తకుల గదులు. ఉపయోగమును అందమును ఇంత పొందికగా కుదిర్చిన బజారు మన దేశమున అనేకములు లేవు.

కాని చూడుడు. ఆ రాళ్లను గనులలో పగులగొట్టి, నునుపుచేసి, కమానుగా పేర్చిన చేతులు ఎవరివి? కట్టించిన ప్రభువు పేరు తెలియును, బోర్డు పేరు తెలియును. రాయికొట్టిన వాని పేరు ఏ ఫలకముపైనను మనకు కనబడదు. ఇక ఆ రాళ్లకే నేడు గాలి యాడదు. ఒకదానిపై నొకటి వ్రేలాడు అంగళ్ల బోర్డులు, సాలెగూళ్లవంటి తీగెలు, పై అంతస్తునుండి చాచిన ఇనుప రేకులు కమానుల వంపును సగము మింగివేసినవి. 1935 నాటి మొజంజాహీ మార్కెటునకు ఇటీవల, 2020 నాటికి, మరల ప్రాణము పోసిరి. శుభ్రపరచిన తరువాత గాని ఆ రాయి వన్నె యేదో నగరవాసులకు తెలియలేదు. పత్తర్‌గట్టీ విషయమున ఆ భాగ్యము ఇంకను పూర్తికావలసి యున్నది.

రాయికంటె గట్టి జ్ఞాపకము మరియొకటి కలదు. అది ఊరేగింపు. మొహర్రము పదియవ నాడు దబీర్‌పురాలోని బీబీకా అలావానుండి ఏనుగుపై బయలుదేరు బీబీకా ఆలము చార్మినారు మీదుగా గుల్జార్ హౌజు చేరి, అచ్చటినుండి పంజేషా వైపు మరలి, మీరాలం మండి, దారుల్‌షిఫా దాటి చాదర్‌ఘాట్ యొద్దకు పోవును. వినాయక నిమజ్జనము నాడు పాతబస్తీ గణపతులు చార్మినారు ప్రక్కగా వచ్చి, ఇదే రాజవీథిని ఉత్తరముగా నడచి, మదీనా, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెటు మీదుగా హుసేన్ సాగరమునకు పోవుదురు. ఒకటి దుఃఖపు నడక, ఒకటి వేడుక నడక. బాట యొక్కటే. పటములు మారినను, కచేరీలు మారినను, ఊరేగింపు తన పాతదారిని అంత సులభముగ మార్చుకొనదు. ఈ వీథికి కలతల దినములును లేకపోలేదు; ఆ జ్ఞాపకముకూడ పెద్దల మనస్సులలో ఉన్నది. దానిని దాచి వేడుకలనే చెప్పుట చరిత్ర కానేరదు.

ఇటీవల మన నగరములలో గోడలకు బొమ్మలు వేయు ఉత్సాహము బయలుదేరినది. ఢిల్లీలోని లోదీ కాలనీలో మొదలైన ఈ ఒరవడి హైదరాబాదున మఖ్తా పేటకును వచ్చినది. ఫ్లైఓవరుల స్తంభములకు కూడ రంగులు పట్టినవి. మంచిదే, సినిమా ప్రకటనల కంటె నెమళ్లు మేలు. అయితే గోడమీది బొమ్మ ఆ గోడ వెనుకనున్న వారి కథ చెప్పుచున్నదా, లేక ఏ ఊరిలోనైనను సరిపోవు బొమ్మయా అని అడుగవలసి యున్నది.

ఇందుకు కెనడా దేశమున ఒక చిన్న ఊరి వృత్తాంతము వినదగినది. వాంకూవరు ద్వీపముపై షెమేనస్ అను ఊరు కలదు. 1862 నుండి అచ్చట కోతమిల్లు నడచినది. ఊరంతయు దానిమీదనే బ్రతికినది. 1983లో ఆ పెద్ద మిల్లు మూతబడెను. అంతకు ఒక ఏడు ముందే ఆ ఊరివారు ప్రధానవీథి గోడలపై తమ చరిత్రను చిత్రింపించుట ఆరంభించియుండిరి. ఈ పనికి పట్టుబట్టినవాడు కార్ల్ షూట్జ్ అను వ్యాపారి; రుమేనియా దేశపు మఠముల వెలుపలిగోడలపై శతాబ్దముల నాటి చిత్రములను చూచి వచ్చి, మన ఊరి గోడలు మాత్రమేమి చేసినవి యనుకొనెనట. 1982లో ఐదు చిత్రములతో మొదలై, నేడు 40కి పైగా ఉన్నవి. వానిని చూచుటకు జనులు రాసాగిరి. చిన్న మిల్లు ఒకటి 1985లో మరల తెరువబడెను గాని, ఊరిని నిలిపినవి గోడలే.

అందు మనము గమనింపవలసినది రాబడి కాదు. మొదటి చిత్రములలో మ్రాకులు లాగు ఆవిరి యంత్రమున్నది; చీనా వర్తకుడు హాంగ్ హింగ్ కొట్టు కూడ నున్నది. మరుసటి యేడే ఆ నేల మూలవాసుల ముఖములు గోడకెక్కినవి. అయితే ఆ ఊరిలో ఒకప్పుడు జపాను జాతివారి పేటయు ఉండెను. 1942లో, యుద్ధకాలమున, కెనడా ప్రభుత్వము పసిఫిక్ తీరమందలి జపాను జాతివారినందరిని, అచ్చట పుట్టినవారిని కూడ, ఇండ్లనుండి వెడలగొట్టెను. అట్లు వెడలినవారు సుమారు 22 వేలు. షెమేనస్ పేటయు ఖాళీ అయ్యెను. వారి జ్ఞాపకమును తెలుపు చిత్రములు 1991లో, జపాను సంతతి చిత్రకారుల చేతనే, గోడలపైకి వచ్చినవి. యంత్రము గోడకెక్కిన తొమ్మిదేండ్లకు గాని వెడలగొట్టబడిన పొరుగువాడు ఎక్కలేదు. ఆలస్యమైనను ఎక్కెను. ఆ గోడను చూచు నేటి పిల్లవాడు, ఈ మనుష్యులు ఎక్కడికి పోయిరని తండ్రి నడుగును. తండ్రి చెప్పక తప్పదు.

మన రాజవీథి విషయమున కూడ అడుగవలసినది అదియే. ఇందు ఎవరెవరు లేరు? లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దొరకినది, సంతోషము. కాని సందులలో నిప్పుకుంపటి ముందు కూర్చుండి లక్క కరగించి, వంచి, అద్దపుబిళ్లలు నొక్కుచు కనులు అలయు స్త్రీల బొమ్మ ఏ గోడపై నున్నది? ఛత్తా బజారులో పెండ్లిపత్రికలకు వంపులు తిరిగిన ఉర్దూ అక్షరములు వ్రాసిన కాతిబులు ఉండిరి. కంప్యూటరు వచ్చిన తరువాత వారిలో పెక్కుమంది కలము కట్టిపెట్టిరి. వీథినంతటిని అక్షరములతో అలంకరించినవారు వారే. వారి చేతివ్రాతను మించిన ప్రజాకళ మనకేమున్నది?

ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. పత్తర్‌గట్టీ రాతికి రంగు వేయరాదు. చార్మినారు ఛాయలో సున్నపుపనిపై కుంచె తాకరాదు. 2019 మే నెలలో చార్మినారు మినారునుండి సున్నపు అలంకారము కొంత ఊడిపడినప్పుడే, ఆ కట్టడములు ఎంత సుకుమారములో తెలిసినది. బొమ్మలకు వేరే చోటున్నది. ప్రతి అంగడికిని ఇనుప షట్టరు ఉన్నది. తెల్లవారుజామున బజారు మూతపడియున్నప్పుడు చూచినచో వీథికి ఇరుప్రక్కల రేకులే. ఏ అంగడి రేకుపై ఆ అంగడి కథను, తాతముత్తాతలు ఎచ్చటినుండి వచ్చిరో, మొదట ఏమి అమ్మిరో, వరద తరువాత ఎట్లు నిలద్రొక్కుకొనిరో వేయింపవచ్చును. పగలు వ్యాపారము, ప్రాతఃకాలమున చరిత్ర. ఇక వరదనీరు ఈ వీథిలో ఎంత మట్టమునకు వచ్చెనో పండితులు నిర్ధారించినచో, ఆ ఎత్తున ఒక ఇత్తడి గీత చాలును. దానిప్రక్క తేదీ తప్ప మరేమియు వ్రాయ నక్కరలేదు.

ఇట్లు బొమ్మలను గూర్చి మాటలాడుచు మనము మరువరానిది ఒకటి ఉన్నది. 2025 మే 18వ తేదీ ఉదయమున గుల్జార్ హౌజు చెంత ఒక పాతయింట నిప్పు అంటుకొని 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పిల్లలు. క్రింద అంగళ్లు, పైన నివాసము, రాకపోకలకు ఇరుకుదారి యొక్కటే. తరతరములుగా ఆ వీథితో పెనవేసికొనిన ఒక కుటుంబము ఒక్క ఉదయమున అట్లు పోయినది. పైకి ముఖము దిద్దితిమి, రంగులు వేసితిమి అని సంతోషించి, ఆ ముఖము వెనుక మెట్లదారి ఎంత ఇరుకో, తీగెలు ఎంత పాతవో చూడకుండుట సంరక్షణ కాదు. వీథి చరిత్రను చెప్పగలవారు ఆ గదులలోనే నివసించుచున్నారు. మొదట వారు క్షేమముగా నుండవలెను.

వారి మాటను పదిలపరచుట రేడియో ఎరిగినవారికి క్రొత్త పని కాదు. ఈ నగరమున దక్కన్ రేడియో కాలమునుండి, 1950లో అది ఆకాశవాణిలో చేరిన పిమ్మటను, గొంతులను పట్టి దాచు విద్య ఉన్నది. నేడు ఆ సాధనము ప్రతివాని జేబులోను ఉన్నది. రాజవీథితో సంబంధము గల పెద్దలు మీ యింటనున్నచో, లేక మీ బంధువులలో నున్నచో, వారిని కూర్చుండబెట్టి అడుగుడు. పండుగనాటి బట్టలు ఏ అంగడిలో కొనిరి, ఆ అంగడివాడు మిమ్ము ఏమని పిలిచెడివాడు? రంజాను రాత్రులలో దీపములు ఎట్లుండెడివి? గుల్జార్ హౌజులో నీరు చిమ్ముట చూచితిరా? 1948లో ఆ వీథి ఎట్లుండినదని మీ తల్లిదండ్రులు చెప్పిరి? వరదను గూర్చి మీ అవ్వ ఏమి చెప్పినది? వారు ఉర్దూలో చెప్పినచో ఉర్దూలోనే, తెలుగులో చెప్పినచో తెలుగులోనే, రెండును కలిపి మాటలాడినచో అట్లే ఉంచుడు, సవరింపకుడు. తేదీలు తప్పినను ఆపకుడు, తేదీలు మనము వెదకికొనవచ్చును. పేర్లను మాత్రము రెండుసార్లు అడిగి, వారు పలికిన తీరుననే వ్రాసికొనుడు. లేకున్న మాయ మరల సింహమగును.